రాయితీలు, విదేశీ పెట్టుబడి, ఉత్తర తెలంగాణ: దక్కన్ కంపెనీ నుంచి ప్రత్యేక ఆర్థిక మండళ్ల వరకు

9.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఈ కింది విషయాలను వివరించగలుగుతారు:
– విదేశీ పెట్టుబడి ఏయే రూపాలలో వస్తుంది, ప్రత్యేక ఆర్థిక మండలి అంటే ఏమిటి
– హైదరాబాదు రాజ్యం 1880లలో విదేశీ కంపెనీలకు ఇచ్చిన రాయితీల స్వభావం, ఫలితాలు
– కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు పరిశ్రమలు వచ్చిన క్రమం
– 2005 చట్టం కింద ఏర్పడిన మండళ్లు ఈ జిల్లాలకు ఎందుకు విస్తరించలేదు

9.1 ఉపోద్ఘాతం

విదేశీ పెట్టుబడి రావాలంటే పన్నులు తగ్గించాలి, భూమి చౌకగా ఇవ్వాలి, నిబంధనలు సడలించాలి అనే వాదన 1991 ఆర్థిక సంస్కరణల తరువాత బలపడింది. ఇది కొత్త వాదన అని చాలామంది భావిస్తారు. నిజానికి తెలంగాణ ప్రాంతానికి ఇది నూట నలభై ఏళ్ల నాటి అనుభవం. 1880లలోనే హైదరాబాదు రాజ్యం లండన్ పెట్టుబడిదారులకు రైలు మార్గాలపైనా, ఖనిజాలపైనా ప్రత్యేక హక్కులు ఇచ్చింది. ఆ హక్కులను తరువాతి కాలంలో డబ్బు చెల్లించి తిరిగి కొనుక్కోవలసి వచ్చింది.

రాయితీ ఒక్కటే పెట్టుబడిని ఒక ప్రాంతానికి తీసుకురాగలదా? వచ్చిన పెట్టుబడి వల్ల ఆ ప్రాంత ప్రజలకు ఏమి దక్కింది? ఈ రెండు ప్రశ్నలను ఉత్తర తెలంగాణ చరిత్ర ఆధారంగా ఈ పాఠంలో పరిశీలిద్దాం. ఇక్కడ కరీంనగర్, ఆదిలాబాద్ అన్నప్పుడు 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనకు ముందున్న ఉమ్మడి జిల్లాలు అని గ్రహించాలి. నేటి పెద్దపల్లి, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలు వీటి నుంచే ఏర్పడ్డాయి.

9.2 కొన్ని ముఖ్య భావనలు

విదేశీ మూలధనం ప్రధానంగా మూడు రూపాలలో వస్తుంది. విదేశీ సంస్థ స్వయంగా కర్మాగారం స్థాపించడం లేదా యాజమాన్యంలో పాలుపంచుకునే స్థాయిలో వాటా తీసుకోవడం విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి. యాజమాన్యంతో సంబంధం లేకుండా లాభం కోసం వాటాలు, బాండ్లు కొనడం సంస్థాగత పెట్టుబడి. ప్రపంచ బ్యాంకు వంటి సంస్థలు ఇచ్చేది రుణం. రుణం తీసుకుంటే యాజమాన్యం మన చేతిలోనే ఉంటుంది, కాని వడ్డీతో సహా తిరిగి చెల్లించాలి. ప్రత్యక్ష పెట్టుబడిలో తిరిగి చెల్లించే బాధ్యత లేదు, కాని లాభంలోనూ నిర్ణయాలలోనూ విదేశీ సంస్థకు భాగం ఉంటుంది.

ప్రత్యేక ఆర్థిక మండలి అంటే దేశ సరిహద్దుల లోపలే ఉన్నా, సుంకాల విషయంలో దేశం వెలుపలి ప్రాంతంగా చట్టం పరిగణించే భూభాగం. అక్కడి పరిశ్రమలు ముడిసరుకును సుంకం లేకుండా దిగుమతి చేసుకుని, తయారుచేసిన వస్తువులను ఎగుమతి చేస్తాయి. ఐర్లాండులోని షానన్‌లో 1959లో ఏర్పడిన మండలి ఆధునిక కాలంలో ఇటువంటి వాటికి మార్గదర్శకమైంది. భారతదేశంలో 1965లో గుజరాత్‌లోని కాండ్లాలో ఎగుమతుల ప్రాసెసింగ్ జోన్ స్థాపించారు. ఆసియాలో ఇటువంటి జోన్లలో ఇదే మొదటిది. చైనా 1980లో షెన్‌జెన్‌తో సహా నాలుగు మండళ్లను ప్రారంభించింది. షెన్‌జెన్ విజయం గురించి చెప్పేటప్పుడు అది హాంకాంగ్‌ను ఆనుకుని ఉందన్న విషయాన్ని మరువరాదు. హాంకాంగ్‌లోని మూలధనం, ఓడరేవు, వ్యాపార సంబంధాలు దానికి అందుబాటులో ఉన్నాయి. రాయితీతో పాటు స్థానం కూడా పనిచేసింది.

9.3 మొదటి రాయితీలు: రైలు, బొగ్గు

వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు మార్గం పూర్తయింది. దానిని తూర్పు వైపు పొడిగించడానికి 1883లో లండన్‌లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. పేరులోని 'గ్యారంటీడ్' అనే మాట ముఖ్యమైనది. కంపెనీ పెట్టిన మూలధనంపై 20 సంవత్సరాల పాటు ఏటా 5 శాతం రాబడికి రాజ్యం హామీ ఇచ్చింది. రైలు నష్టంలో నడిచినా వాటాదారుకు రాబడి తగ్గదు. లోటును నిజాం ఖజానా భర్తీ చేస్తుంది. ఆ ఖజానాకు ప్రధాన ఆధారం రైతు కట్టే భూమి శిస్తు. అంటే లండన్ వాటాదారు నష్టభయాన్ని తెలంగాణ, మరాఠ్వాడా రైతులు మోశారన్నమాట.

ఇక బొగ్గు సంగతి చూద్దాం. భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఖమ్మం ప్రాంతంలోని ఇల్లెందు సమీపంలో బొగ్గు నిక్షేపాలను కనుగొన్నారు. 1886లో హైదరాబాదు ప్రభుత్వం వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరు ఆంగ్లేయులకు ఖనిజాలను అన్వేషించి తవ్వుకునే హక్కును 99 సంవత్సరాలకు ఇచ్చింది. ఆ హక్కు ఆధారంగా ఇంగ్లండులో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ నమోదయింది.

ఈ కంపెనీ నిర్మాణాన్ని విద్యార్థులు జాగ్రత్తగా గమనించాలి. కాగితం మీద దాని మూలధనం 10 లక్షల పౌన్లు. కాని వాటాలలో నూటికి ఎనభైకి పైగా, సొమ్ము పూర్తిగా చెల్లించినట్లే లెక్కగట్టి, హక్కు సంపాదించిన వ్యవస్థాపకులకు కేటాయించారు. గనులు తవ్వడానికి నిజంగా పోగైన నగదు ఈ 10 లక్షలలో చిన్న భాగం మాత్రమే. అంతేకాక నిజాం ప్రభుత్వం తరఫున ఇదే కంపెనీ వాటాలను ముఖ విలువ కంటే ఎక్కువ ధరకు కొన్నారు. ఆ కొనుగోలు జరిపిన ఉన్నతాధికారి సర్దార్ అబ్దుల్ హక్‌కు వ్యవస్థాపకుల వాటాలలో భాగం ఉన్నట్లు తరువాత బయటపడింది. 1888లో బ్రిటిష్ కామన్స్ సభ ఈ వ్యవహారంపై ప్రత్యేక విచారణ సంఘాన్ని నియమించింది. అబ్దుల్ హక్ పదవి కోల్పోయారు. ఒప్పందం మాత్రం రద్దు కాలేదు.

విదేశీ మూలధనం కోసం హక్కులు ఇచ్చిన రాజ్యమే తన సొమ్ముతో ఆ విదేశీ కంపెనీ వాటాలు కొన్నది. పెట్టుబడి ప్రకటనలో చెప్పే అంకె వేరు, నేల మీదికి వచ్చే డబ్బు వేరు అనడానికి ఇది తొలి ఉదాహరణ.

అయితే నాణేనికి మరో వైపు కూడా ఉంది. 1889లో ఇల్లెందు ప్రాంతంలో తవ్వకం మొదలయింది. అదే సంవత్సరం రైలు మార్గం బెజవాడకు చేరింది. బొగ్గు తవ్వే సాంకేతికత, దానిని అమ్మే మార్కెట్ రెండూ ఏర్పడ్డాయి. వేలాది మంది గని కార్మికుల శ్రమ మీద ఒక కొత్త పరిశ్రమ నిలబడింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఏర్పడి దక్కన్ కంపెనీ ఆస్తులను, అప్పులను స్వీకరించింది. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను కొనుగోలు చేసింది. 1945లో సింగరేణిలో అధిక వాటాలు కొన్నది. ఈ విధంగా దాదాపు ఆరు దశాబ్దాలు తిరిగేసరికి రెండు రాయితీలూ ప్రభుత్వ యాజమాన్యంలోకి వచ్చాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: దక్కన్ కంపెనీ ప్రకటిత మూలధనానికి, వాస్తవంగా పెట్టిన మూలధనానికి తేడా ఎందుకు వచ్చింది? అయిదు వాక్యాలలో రాయండి.

9.4 ఉత్తరానికి వచ్చిన పరిశ్రమ

రైలు, బొగ్గు తొలి దశలో వరంగల్ – ఖమ్మం దారినే సాగాయి. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో బొగ్గు ఉన్నదని తెలిసినా, రైలు లేనంత కాలం అది భూమిలోనే ఉండిపోయింది. 1929లో కాజీపేట – బల్లార్షా మార్గం పూర్తి కావడంతో పరిస్థితి మారింది. పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూరు మీదుగా మద్రాసు, ఢిల్లీ నగరాలు నేరుగా కలిశాయి. 1920ల చివర బెల్లంపల్లి ప్రాంతంలోనూ, 1960ల ప్రారంభంలో గోదావరిఖనిలోనూ సింగరేణి గనులు విస్తరించాయి. ఈ రెండు జిల్లాల పారిశ్రామిక పట్టణాలలో ఎక్కువ భాగం ఈ ఒక్క రైలు మార్గం వెంటనే ఉన్నాయి.

హైదరాబాదు ప్రభుత్వం 1929లో పారిశ్రామిక ట్రస్టు నిధిని ఏర్పాటు చేసింది. విదేశీ కంపెనీకి హక్కులు అప్పగించడానికి బదులు, కొత్త పరిశ్రమలలో ప్రభుత్వమే వాటాలు తీసుకోవడం దీని ఉద్దేశం. 1938లో ఆదిలాబాద్ జిల్లాలోని కొత్తపేటలో సిర్పూర్ పేపర్ మిల్స్ ఏర్పడింది. కాగితం మిల్లు కారణంగానే కొత్తపేట కాగజ్‌నగర్ అయింది. 1940లలో సమీపంలోనే సర్‌సిల్క్ కర్మాగారం వచ్చింది. మిల్లుకు కావలసిన వెదురు ఆదిలాబాద్ అడవులలో ఉంది, బొగ్గు బెల్లంపల్లిలో ఉంది, రైలు ముంగిట్లో ఉంది. పరిశ్రమను ఇక్కడికి లాగినవి ఇవే.

ఈ అభివృద్ధి ఖర్చు అందరిపై సమానంగా పడలేదు. అడవిపై ప్రభుత్వ నియంత్రణ పెరిగిన కొద్దీ గోండు, కొలాం రైతులు పోడు భూములను, పశువుల మేతను కోల్పోయారు. జల్, జంగల్, జమీన్ హక్కుల కోసం పోరాడిన కుమ్రం భీం 1940లో జోడేఘాట్ వద్ద నిజాం బలగాల చేతిలో మరణించారు. ఆదిలాబాద్‌లో భూమి, అడవి ప్రశ్న లేకుండా పెట్టుబడి చరిత్రను రాయడం సాధ్యం కాదు.

9.5 ప్రభుత్వ రంగం, రుణ మూలధనం (1956–1999)

1956 తరువాత ఈ ప్రాంతంలో ప్రధాన పెట్టుబడిదారు ప్రభుత్వమే. సింగరేణిలో నియంత్రణ వాటా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి సంక్రమించింది. రామగుండంలో జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ (ఎన్‌టీపీసీ) కేంద్రానికి 1978 నవంబరులో శంకుస్థాపన జరిగింది. దీనికి ప్రపంచ బ్యాంకు రుణ సహాయం అందించింది. 1983లో మొదటి యూనిట్ పనిచేయడం మొదలుపెట్టింది. క్రమంగా స్థాపిత సామర్థ్యం 2,600 మెగావాట్లకు చేరింది. విదేశీ మూలధనం వచ్చినప్పటికీ యాజమాన్యం దేశంలోనే ఉన్న సందర్భం ఇది. 1886 నాటి ఒప్పందంతో దీనిని పోల్చి చూడండి.

అదే రామగుండంలో భారత ఎరువుల సంస్థ (ఎఫ్‌సీఐ) బొగ్గు ఆధారిత కర్మాగారం 1980లో ఉత్పత్తి ప్రారంభించి, నష్టాల కారణంగా 1999లో మూతపడింది. సర్‌సిల్క్ అంతకుముందే ఆగిపోయింది. ఆదిలాబాద్‌లోని సిమెంట్ కార్పొరేషన్ కర్మాగారం కూడా 1990ల చివరలో ఉత్పత్తి నిలిపివేసింది. సరళీకరణ విధానం హైదరాబాదుకు సాఫ్ట్‌వేర్ సంస్థలను తెచ్చిన దశాబ్దంలోనే, ఉత్తర తెలంగాణ ఉన్న కర్మాగారాలను పోగొట్టుకున్నది.

పని దొరకని వారు ఏమి చేశారు? సిరిసిల్ల నేతన్నలు భివండి, సూరత్ మగ్గాలకు వెళ్లారు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి వేలాది మంది గల్ఫ్ దేశాలకు వలసపోయారు. దుబాయిలో 1985లో ప్రారంభమైన జెబెల్ అలీ స్వేచ్ఛా మండలి ప్రపంచ ప్రసిద్ధి పొందింది. అటువంటి మండళ్లతో ఎదిగిన నగరాలను కట్టిన చేతులలో కరీంనగర్ చేతులు కూడా ఉన్నాయి. పెట్టుబడి శ్రామికుని ఊరికి రావాలన్నది ఆర్థిక మండళ్ల సిద్ధాంతం. ఇక్కడ మాత్రం శ్రామికుడే పెట్టుబడి ఉన్న చోటికి ప్రయాణించాడు.

9.6 ప్రత్యేక ఆర్థిక మండళ్ల చట్టం, 2005

కేంద్ర ప్రభుత్వం 2000లో ప్రత్యేక ఆర్థిక మండళ్ల విధానాన్ని ప్రకటించింది. 2005లో పార్లమెంటు చట్టం చేసింది. 2006 ఫిబ్రవరి 10 నుంచి అది అమలులోకి వచ్చింది. మండలిలోని యూనిట్లకు ఎగుమతి లాభాలపై ఆదాయపు పన్ను మొదటి 5 సంవత్సరాలు 100 శాతం, తరువాతి 5 సంవత్సరాలు 50 శాతం మినహాయించారు. ఆ పైన మరో 5 సంవత్సరాలు, తిరిగి పెట్టుబడిగా పెట్టిన లాభాలపై 50 శాతం వరకు మినహాయింపు ఇచ్చారు. కస్టమ్స్ సుంకం కూడా ఉండదు.

తెలంగాణ ప్రాంతంలో ఏర్పడిన మండళ్లలో అత్యధికం హైదరాబాదు చుట్టూనే ఉన్నాయి. సమాచార సాంకేతిక రంగం, ఔషధ రంగం వీటిలో ప్రధానమైనవి. పన్ను మినహాయింపు దేశమంతటికీ ఒక్కటే అయినప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు ఈ కెరటం ఎందుకు చేరలేదు? కారణాలను నాలుగుగా చెప్పవచ్చు.

మొదటిది, మినహాయింపు అంతటా ఒక్కటే కావడమే. రాయితీ సమానమైతే సంస్థ మిగిలిన సౌకర్యాలను చూసి స్థలం ఎంచుకుంటుంది. విమానాశ్రయం, ఇంజనీర్లు, అద్దె ఇళ్లు, బడులు ఉన్న హైదరాబాదునే ఎంచుకుంటుంది.

రెండవది, నిబంధనల స్వరూపం. 2006 నియమాల ప్రకారం బహుళ ఉత్పత్తుల మండలికి 1,000 హెక్టార్లు, సాధారణంగా ఒకే రంగానికి చెందిన మండలికి 100 హెక్టార్లు కావలసి ఉండేది. సమాచార సాంకేతిక మండలికి 10 హెక్టార్లు సరిపోయేవి. కాబట్టి నగరం అంచున చిన్న స్థలంలో కార్యాలయ భవనాలు కట్టడం తేలికయింది.

మూడవది, రేవుకు దూరం. కరీంనగర్ గ్రానైట్‌లోని 'టాన్ బ్రౌన్' రకానికి ప్రపంచ మార్కెట్‌లో పేరుంది. దానిలో పెద్ద భాగం ముడి దిమ్మెల రూపంలోనే తూర్పు తీర రేవులకు చేరి చైనాకు వెళ్లింది. కోసి, మెరుగు పెట్టి, అమ్మే లాభం అక్కడి పరిశ్రమకు దక్కింది. ఎగుమతి జరిగినంత మాత్రాన స్థానికంగా పరిశ్రమ పెరుగుతుందని చెప్పలేం.

నాలుగవది, భూమి చట్టాలు. ఆదిలాబాద్ జిల్లాలో గణనీయమైన భాగం అయిదవ షెడ్యూలు ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ (1/70 అని ప్రసిద్ధి) గిరిజనేతరులకు అక్కడి భూమి బదిలీని నిషేధించాయి. విశాఖ జిల్లా అనంతగిరి ప్రాంతపు గనుల లీజులపై వచ్చిన సమతా కేసులో సుప్రీంకోర్టు 1997లో కీలకమైన తీర్పు ఇచ్చింది. షెడ్యూలు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు లీజుకు ఇవ్వరాదని ఆ తీర్పు స్పష్టం చేసింది. దీనిని పెట్టుబడికి అడ్డంకిగా చూసేవారు ఉన్నారు. 1940 నాటి పోరాటం గుర్తున్నవారికి ఇది ఆలస్యంగా దొరికిన రక్షణ.

రాయితీ దక్కిన చోట ఫలితం ఎలా ఉంది? మహబూబ్‌నగర్ జిల్లా జడ్చర్ల సమీపంలోని పోలేపల్లిలో మండలి కోసం దాదాపు వెయ్యి ఎకరాలు సేకరించారు. భూమి కోల్పోయిన చిన్న రైతులు పరిహారం కోసం ఏళ్ల తరబడి ఆందోళన చేశారు. దేశం మొత్తంపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) 2014లో నివేదిక సమర్పించింది. మండళ్ల కోసం నోటిఫై చేసిన 45,635 హెక్టార్లలో 28,488 హెక్టార్లలోనే కార్యకలాపాలు మొదలయ్యాయని తేల్చింది. పరిశీలించిన 152 మండళ్లలో సుమారు 39 లక్షల ఉద్యోగాలు వస్తాయని అంచనా వేయగా, వచ్చినవి 3 లక్షల లోపే. మరోవైపు ఈ మండళ్ల నుంచి సాఫ్ట్‌వేర్, ఔషధ ఎగుమతులు గణనీయంగా పెరిగాయన్నది కూడా వాస్తవం. రాయితీ కూడా స్థిరంగా నిలవలేదు. 2011లో మండళ్లపై కనీస ప్రత్యామ్నాయ పన్ను విధించారు. 2020 తరువాత ఏర్పడే కొత్త యూనిట్లకు ఆదాయపు పన్ను మినహాయింపు ముగిసింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఆర్థిక మండళ్లు హైదరాబాదు చుట్టూ కేంద్రీకృతం కావడానికి గల కారణాలను తెలపండి.

9.7 మూతపడినవి తెరుచుకున్న తీరు

ఇటీవలి కాలంలో ఈ ప్రాంతానికి వచ్చిన చెప్పుకోదగిన పెట్టుబడులు కొత్త మండలిలో కాక పాత కర్మాగారాల స్థలంలోనే రావడం గమనార్హం. రామగుండం ఎరువుల కర్మాగారాన్ని పునరుద్ధరించడానికి 2015లో రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ లిమిటెడ్ (ఆర్‌ఎఫ్‌సీఎల్) ఏర్పడింది. బొగ్గుకు బదులు సహజవాయువుతో 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభమైంది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దీని సామర్థ్యం. ఇందులో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలది ప్రధాన వాటా. తెలంగాణ ప్రభుత్వానికి, డెన్మార్క్‌కు చెందిన హాల్డర్ టాప్సో నాయకత్వంలోని కూటమికి పదో వంతుకు కాస్త పైగా చొప్పున వాటాలు ఉన్నాయి. అమ్మోనియా తయారీ సాంకేతికత కూడా హాల్డర్ టాప్సోదే. అంటే విదేశీ ప్రత్యక్ష పెట్టుబడి ఇక్కడికి వచ్చింది. అయితే భూమి, రైలు, నీరు, దేశీయ మార్కెట్ సిద్ధంగా ఉన్న చోటికి, ప్రభుత్వ సంస్థల భాగస్వామిగా వచ్చింది.

2014లో ఆగిపోయిన సిర్పూర్ పేపర్ మిల్స్‌ను 2018లో దివాలా పరిష్కార ప్రక్రియ ద్వారా జేకే పేపర్ సంస్థ తీసుకున్నది. రాష్ట్ర ప్రభుత్వం ముడిసరుకు, విద్యుత్తు వంటి వాటిపై రాయితీలు ప్రకటించింది. ఇక్కడ రాయితీ ఉపయోగపడింది. ఎందుకంటే యంత్రాలు, నైపుణ్యం గల కార్మికులు, రైలు అప్పటికే ఉన్నాయి. రాయితీ వాటికి తోడయింది, వాటి స్థానాన్ని భర్తీ చేయలేదు.

9.8 సారాంశం

ఉత్తర తెలంగాణకు పరిశ్రమలను తెచ్చినవి ప్రధానంగా బొగ్గు, వెదురు, గోదావరి నీరు, 1929 నాటి రైలు మార్గం, ప్రభుత్వ మూలధనం. పన్ను రాయితీ వీటికి తోడుగా పనిచేసింది, ఒంటరిగా పనిచేసిన దాఖలా ఈ జిల్లాల చరిత్రలో కనిపించదు. 1886 నాటి హక్కుల పత్రానికి, 2005 నాటి చట్టానికి తేడాలు చాలా ఉన్నాయి. మొదటిది కొద్దిమంది మధ్య కుదిరిన ఒప్పందం, రెండవది పార్లమెంటు చర్చించి చేసిన చట్టం. మొదటిది ఒక్క కంపెనీకి చెందినది, రెండవది అర్హత గల వారందరికీ వర్తించేది. అయినా రెండింటినీ ఒకే ప్రశ్నలతో పరిశీలించవచ్చు. ప్రకటించిన పెట్టుబడిలో నిజంగా వచ్చినది ఎంత? నష్టభయం ఎవరిది? భూమి ఎవరిది, ఉద్యోగం ఎవరికి? రాయితీ గడువు ముగిసిన తరువాత ఆ ఊరిలో మిగిలేది ఏమిటి? మీ జిల్లాలో ఏ కొత్త పరిశ్రమ ప్రకటన వెలువడినా ఈ నాలుగు ప్రశ్నలు వేసి చూడండి.

9.9 ముఖ్య పదాలు

గ్యారంటీ రాబడి: కంపెనీ లాభనష్టాలతో నిమిత్తం లేకుండా మూలధనంపై ప్రభుత్వం హామీ ఇచ్చే వడ్డీ.
వ్యవస్థాపక వాటాలు: కంపెనీని నెలకొల్పినందుకు, హక్కులు సంపాదించినందుకు వ్యవస్థాపకులకు కేటాయించే వాటాలు.
షెడ్యూలు ప్రాంతం: రాజ్యాంగం అయిదవ షెడ్యూలు కింద గిరిజనుల రక్షణకు ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతం.

9.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఒప్పందాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పారిశ్రామికీకరణలో రైలు మార్గం, ప్రభుత్వ మూలధనం పోషించిన పాత్రను వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పారిశ్రామిక ట్రస్టు నిధి
2. సమతా తీర్పు ప్రాముఖ్యం
3. రుణ మూలధనానికి, విదేశీ ప్రత్యక్ష పెట్టుబడికి మధ్య తేడాలు